ఎవరి తాలూకు?

మా ఆఫీసులో ఫోను మోగిందంటే అందరికీ ఒక్కసారిగా చెవుడొస్తుంది. ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళం కదా, మనుషులతో మాట్లాడమంటే ప్రాణం మీదికొచ్చినట్టు ఉంటుంది మావాళ్ళకి. చివరికి విసుక్కుంటూ లేచేది నేనే. ఆ సోమవారం పొద్దున కూడా నేనే లేచాను.

“సిగ్రున్, మీ ప్రోగ్రాం ఒక మనిషిని మింగేసింది,” అన్నాడు అవతల హల్వర్.

హల్వర్ లీరాలో నర్సు. లీరా అంటే మా ఊరు ట్రోండ్‌హైమ్‌లోనే, కొండ వాలులో ఉన్న వృద్ధాశ్రమం. అక్కడ తలుపు ఎవరికి తెరుచుకోవాలి, మధ్యాహ్నం ఎవరి పళ్ళెంలో చేప పెట్టాలి, ఎవరి కుర్చీ ఎక్కడ వెయ్యాలి, అన్నీ మా ప్రోగ్రామే చూస్తుంది.

“పొద్దున్నే పరాచికాలా? ఎవర్ని మింగింది?”

“యోరున్‌ని. టోర్లైఫ్ వాళ్ళావిడ.”

నాకు గుర్తొచ్చింది. ఉన్ని టోపీ పెట్టుకుని నిటారుగా నడిచే పొడుగాటి ముసలావిడ. టోర్లైఫ్‌కు మతిమరుపు జబ్బు. పెళ్ళాం పేరు కూడా మర్చిపోయాడు కానీ, ఆవిడ చెంచా ఎత్తితేనే నోరు తెరిచేవాడు. ఇంకెవరు పెట్టినా మొహం తిప్పేసుకునేవాడు. అందుకని ఆవిడ ఏళ్ళ తరబడి రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఆయనకు తినిపించి, తనూ అక్కడే నాలుగు ముద్దలు తిని, ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళందరికీ పేపరు చదివి వినిపించేది. శుక్రవారమైతే అందరికీ వాఫిళ్ళు, అదే, గళ్ళ పెనం మీద తియ్యటి అట్లు, పోసి పెట్టేది. వాటి వాసన వీధిలోకి వచ్చేది.

“ఆయన పోయాడటగా, పాపం,” అన్నాను.

“పోయిన వారమే పూడ్చారు. ఆ మర్నాడే ఆవిడ మామూలుగా భోజనం వేళకి వచ్చింది. తలుపు తెరుచుకోలేదు.”

మిగతాది హల్వర్ చెప్తుంటే కుర్చీలో కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి కదా, దారంతా అద్దంలా మంచు. మా ఊళ్ళో ముసలివాళ్ళు బూట్ల కింద ఇనప ముళ్ళ పట్టీలు కట్టుకోనిదే గడప దాటరు. యోరున్ ఎప్పటిలాగే లీరా గుమ్మం ముందున్న బెంచీ మీద కూర్చుని, లోపల చెక్క నేల గీసుకుపోతుందని ఆ ముళ్ళు విప్పి సంచిలో పెట్టుకుంది. తాళం బిళ్ళ తీసి తలుపుకి ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. బిళ్ళని కోటుకి తుడిచి మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎరుపే. కిటికీలోంచి ఆస్లౌగ్ ఇదంతా చూసింది. ఆస్లౌగ్ చక్రాల కుర్చీలో ఉండే తొంభై దాటిన మనిషి. ఆవిడ అద్దం మీద దబదబా కొట్టింది. యోరున్ ఆవిడకు చెయ్యి ఊపి, బెంచీ మీద కూర్చుని, విప్పిన ముళ్ళు మళ్ళీ కట్టుకుని కొండ దిగి వెళ్ళిపోయింది.

“బెల్లుంది కదా! బెల్లు కొట్టొచ్చు కదా!” అన్నాను.

“నువ్వీ ఊరిదానివి కావా ఏంటి?” అన్నాడు హల్వర్.

నిజమే, అడగకూడని మాటే అడిగాను. బెల్లు కొట్టడమంటే ఎవరినో లేపి రప్పించడం, అంటే ఇబ్బంది పెట్టడం. మావాళ్ళు ఇల్లు తగలబడుతున్నా పక్కింటాయన భోజనం ముగించేదాకా ఆగి, అప్పుడు చిన్నగా దగ్గుతారు.

“నాకు తెలిసి ఫోన్ చేశాను,” అన్నాడు హల్వర్. “‘ఫర్వాలేదు బాబూ, అర్థమైంది’ అంది. ఏం అర్థమైందండీ అంటే, ‘ఆయన పోయాడు, అక్కడ నా పని అయిపోయింది’ అంది. మేమే పొమ్మన్నామనుకుంటోంది సిగ్రున్! ఇక్కడ ఆస్లౌగ్ ఆ రోజు నుంచీ సరిగా తినట్లేదు. పోనీ పాత పేరే మళ్ళీ తెరుద్దామంటే, మీ ప్రోగ్రాంలో ఆవిడ ఎక్కడా లేదు. ఎప్పుడూ ఈ గడప తొక్కనట్టే ఉంది.”

ఫోను పెట్టేసి వెతికాను. అతను చెప్పింది నిజం. తాళం లేదు, భోజనం లేదు, కుర్చీ లేదు, పేరు లేదు. ఎక్కడా తప్పు జరిగినట్టు ఒక్క సూచన కూడా లేదు. తప్పు కనబడి ఉంటే బాగుండేది, సరిచేసి నా దారిన నేను పోయేదాన్ని.

నేరుగా ఐలిఫ్ దగ్గరికి వెళ్ళాను. మా ప్రోగ్రాంకు నక్షా గీసినవాడు ఐలిఫ్. మంచివాడే, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. ఆ నక్షా అతని వెనక గోడ బోర్డు మీద ఏళ్ళుగా అలాగే ఉంది. పైన ‘చెరపవద్దు’ అని కూడా రాసి పెట్టుకున్నాడు.

మేం రాసే పద్ధతి గురించి ఒక్క ముక్క చెప్పాలి. లోకాన్ని వస్తువులుగా విడగొట్టి రాయడం మా పద్ధతి. ఇది పుట్టింది మా రాజధాని ఓస్లోలోనే అని కాలేజీలో మా మాస్టార్లు, తామే కన్నట్టు చెప్పుకునేవారు. ఒక్కో రకం వస్తువుకి రాసే ముక్కని క్లాసు అంటాం. ఒక వస్తువులో ఇంకొన్ని వస్తువులుంటాయి. గదికి మంచం ఉంటుంది, మనిషికి తాళం ఉంటుంది. ఏది దేనిలో ఉందో గీత గీసి, ఆ గీత చివర పేకముక్క మీది డైమండు లాంటి గుర్తు పెడతాం. ఆ గుర్తు ఖాళీగా ఉంటే, పెద్దది పోయినా లోపలిది బతుకుతుంది. నల్లగా నింపేస్తే, పెద్దదానితో పాటే లోపలిదీ పోతుంది. ఆ కాస్త నలుపు కోసం మేం గంటల తరబడి జుట్టూ జుట్టూ పట్టుకుంటాం.

“ఐలిఫ్, యోరున్ ఏమైంది?”

“యోరున్ ఎవరు?”

“లీరాలో టోర్లైఫ్ భార్య.”

అతను కుర్చీ తిప్పి బోర్డు మీద ‘నివాసి’ అన్న పెట్టె చూపించాడు. దాన్నుంచి ‘సందర్శకులు’ అన్న పెట్టెకి గీత. గీత చివర కారునలుపు డైమండు.

“టోర్లైఫ్ చనిపోయాడు, రికార్డు తీసేశారు. ఆయనలో ఉన్నవన్నీ ఆయనతో పోయాయి. మంచం, మందులు, భోజనం, సందర్శకులు. సరిగ్గానే పనిచేసింది.”

“సరిగ్గానా? బతికున్న మనిషి పోయిందయ్యా!”

“మనిషి పోలేదు. సందర్శకురాలు పోయింది.”

“ఆ రెండూ ఒకటే మనిషి!”

“చూడు సిగ్రున్, ముందు ఖాళీ డైమండే పెట్టాను. అప్పుడేమైంది? ఎవరో ముసలాయన పోయిన ఏడాదికి కూడా ఆయన మేనల్లుడి తాళం పనిచేసింది. ఆ పెద్దమనిషి దర్జాగా వచ్చి కాఫీ తాగి, కేకు తిని పోయేవాడు. అప్పుడు నానా గోలా చేసింది ఎవరు? నువ్వే కదా?”

గోల చేసిన మాట నిజమే. ఆ మేనల్లుడి మీద నాకిప్పటికీ మంటే.

“మేనల్లుణ్ణి ఆపమన్నాను గానీ పెళ్ళాన్ని పూడ్చమన్నానా? ఇల్లు కూలిస్తే వంటగది పోతుంది, ఒప్పుకుంటా. వంటింట్లో పడుకున్న పిల్లి కూడా పోవాలా?”

“పిల్లికైతే వేరే క్లాసు రాయాలి.”

“ఆ క్లాసే రాయమంటున్నా!”

“రాయాలంటే తలుపులూ భోజనాలూ అన్నీ విప్పాలి. అన్నీ దీని మీదే వేలాడుతున్నాయి,” అన్నాడు నీరసంగా. “లీరాలో ఇంకెవరూ లేరా? ఆ బల్ల దగ్గర ఉన్న ఇంకొకరి కింద ఆవిడ పేరు ఎక్కించమను. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు?”

ఒళ్ళు మండింది గానీ, ఆవిడ త్వరగా లోపలికి పోవడమే నాకు కావాలి. సరేనన్నాను.

ఈ సంగతి ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళాను. పసుపు రంగు చెక్క ఇల్లు. యోరున్ తలుపు తీసి, నేనెవరో చెప్పగానే, “అయ్యో, నాకోసం ఇంత దూరమా తల్లీ!” అని నొచ్చుకుంది. కాఫీ పెట్టింది. బల్ల మీద రెండు కప్పులు పెట్టి, ఒకసారి చూసి, పాత అలవాటున టోర్లైఫ్‌కని మూడోది పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మిమ్మల్ని ఎవ్వరూ పొమ్మనలేదండీ,” అన్నాను. “అది యంత్రం చేసిన తప్పు. అంటే మేం చేసిందే. మీరు రావాలని అందరూ ఎదురుచూస్తున్నారు.”

ఆవిడ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుంది.

“నిజం చెప్పు. జాలితో అంటున్నారా?”

“జాలి నాకు లేదండీ. మా ఆఫీసులో ఎవర్నైనా అడగండి.”

నవ్వింది. కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది. “ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి నా చెయ్యి ఊరికే ఉండదమ్మాయ్. ఎవరికో ఒకరికి పెట్టాలని చూస్తుంది. నిన్న పిచ్చుకలకు పెట్టాను.”

రేపు రమ్మని, తప్పకుండా రమ్మని రెండుసార్లు చెప్పి బయటపడ్డాను.

మర్నాడు ఆవిడ వచ్చింది. సంచిలో వాఫిళ్ళ పెనం కూడా తెచ్చుకుంది, శుక్రవారానికి అక్కడే ఉంచుదామని. ముళ్ళు విప్పింది. నేనూ హల్వరూ గుమ్మంలోనే ఉన్నాం. ఆస్లౌగ్ కుర్చీ తోసుకుంటూ వచ్చి, “ఇన్ని రోజులు ఎక్కడ తిరిగావే? పేపరు ఈ హల్వర్ చదువుతున్నాడు, సావు వార్త కూడా ఆటల వార్తలా చదువుతాడు!” అని కసిరింది. యోరున్ వంగి ఆవిడ బుగ్గ మీద చెయ్యి వేసింది.

హల్వర్ గుమ్మం పక్కనున్న కంప్యూటరు తెర ముందు నిలబడి పేరు కొట్టాడు. యోరున్. దాని కింద గడి వచ్చింది. ‘ఎవరి తాలూకు?’

అతను ‘ఆస్లౌగ్’ అని కొడుతుండగా యోరున్ కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగింది.

“ఇదేంటి?”

“ఊరికే, నిండాలి కాబట్టి,” అన్నాడు హల్వర్.

“ఇక నుంచి నువ్వు నా తాలూకు,” అంది ఆస్లౌగ్ హుషారుగా. “చెప్పిన మాట వినాలి మరి!”

యోరున్ నవ్వలేదు.

“ఇదివరకు ఇక్కడ టోర్లైఫ్ పేరుండేదా?”

“ఆఁ.”

“ఆయన పేరు తీసేస్తే నాదీ పోయింది.”

హల్వర్ నావైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను.

“రేపు ఆస్లౌగ్ పోతే?”

“హమ్మో, అప్పుడే పంపించేస్తున్నావా?” అంది ఆస్లౌగ్.

“ఆ గడి ఖాళీగా వదిలెయ్యి బాబూ,” అంది యోరున్.

హల్వర్ చెరిపి చూశాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, పేరు నిలవలేదు. ఇంకోసారి చేశాడు. అదే ఎరుపు.

“ఈత కొలనులో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాను నేను,” అంది యోరున్. గొంతు పెంచలేదు. “ఈ ఊళ్ళో సగం మందికి ఈత నేర్పాను. ఈ హల్వర్‌కీ నేనే నేర్పాను, నీళ్ళంటే ఏడ్చి చచ్చేవాడు. ఎవరి తాలూకని అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. టోర్లైఫ్ అంటే నాకు ప్రాణం. ఆస్లౌగ్ అంటే ఇష్టం. కానీ ఎవరో ఒకరు చచ్చినప్పుడల్లా నేను గుమ్మం బయట నిలబడలేనమ్మా. ఒకసారి చాలు.”

పెనం సంచి హల్వర్ చేతిలో పెట్టింది.

“ఇది మీరు ఉంచుకోండి. పిండి మరీ పలచగా కలపకండి.”

బెంచీ మీద కూర్చుని ముళ్ళు కట్టుకుంది. పట్టీ కొక్కెం పడక చాలాసేపు తంటాలు పడింది. సాయం చేస్తానని వంగాను. వద్దంది. వెళ్ళిపోయింది. ఆస్లౌగ్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆఫీసుకి ఎలా వచ్చానో తెలియదు. కోటు కూడా విప్పకుండా ఐలిఫ్ బోర్డు దగ్గరికి పోయి, ‘చెరపవద్దు’ అన్న అక్షరాల కింద ఉన్న ఆ నల్ల డైమండుని అరచేత్తో రుద్దేశాను. ఏళ్ళనాటి సిరా కదా, పోలేదు. నా చెయ్యి మాత్రం నల్లబడింది.

“ఏమైంది నీకు?” అన్నాడు ఐలిఫ్ లేచి.

చెప్పాను. ముళ్ళు విప్పడం, కట్టుకోవడం, పిచ్చుకలు, మూడో కప్పు, అన్నీ చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను కూడా. ఆఫీసంతా హెడ్‌ఫోన్లు తీసి చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఐలిఫ్ మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోకూడదని రాసింది నేనే,” అన్నాడు. “ఎవరి తాలూకూ కాని మనిషి అక్కడికి ఎందుకొస్తాడు అనుకున్నాను.”

“ఇప్పుడు తెలిసిందిగా ఎందుకొస్తుందో.”

“తెలిసింది.” పొట్లం బల్ల మీద పెట్టి, స్పిరిట్ సీసా, గుడ్డ తెచ్చాడు. ‘చెరపవద్దు’ అన్నదే ముందు తుడిచాడు. తర్వాత మొత్తం.

ఆ వారమంతా ఇద్దరం కొట్టుకుంటూ, తిట్టుకుంటూ విప్పదీశాం. ఇప్పుడు నక్షాలో మొదట ఉన్న పెట్టె ‘మనిషి’. అంతే. తాళం ఒక ముక్క, కుర్చీ ఒక ముక్క, భోజనం ఒక ముక్క, శుక్రవారం వాఫిళ్ళు ఒక ముక్క. ఏ మనిషికి ఏవి కావాలో అవి చేర్చుకోవచ్చు. ఒకటి ఊడితే రెండోది ఊడదు. మేనల్లుడి బెడద ఉండనే ఉంది కాబట్టి, తాళం ఎవరికి ఉండాలో మూడు నెలలకోసారి లీరా వాళ్ళనే అడిగేలా పెట్టాడు ఐలిఫ్. మనుషుల సంగతి మనుషులే తేల్చుకోవాలని అతను ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

శుక్రవారం నాడు కొత్త ప్రోగ్రాం ఎక్కించి, యోరున్‌కి నేనే ఫోన్ చేశాను.

“గడి తీసేశామండీ.”

“ఏ పేరూ అక్కర్లేదా?”

“మీ పేరొక్కటే.”

“పిండి ఎవరు కలిపారు?” అంది.

“హల్వర్.”

“వస్తున్నా, ఉండు. వాణ్ణి పెనం ముట్టుకోవద్దను!”

నాతో పాటు ఐలిఫ్ కూడా లీరాకి వచ్చాడు. మనుషుల మధ్య చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. యోరున్ బెంచీ మీద కూర్చుని ముళ్ళు విప్పి, లేచి, బిళ్ళ ఆనించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది. లోపల ఆస్లౌగ్, ఆ బల్ల దగ్గరి వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ సిగ్గుపడి టోపీ సర్దుకుంది.

తెర ముందు ఆగి తన పేజీ చూపించమంది. హల్వర్ చూపించాడు. పైన యోరున్. దాని కింద తాళం, మధ్యాహ్న భోజనం, కిటికీ పక్క కుర్చీ, శుక్రవారం వాఫిళ్ళు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. మళ్ళీ పై నుంచి చదివింది.

“టోర్లైఫ్ ఏడి?” అంది.

ఐలిఫే ముందుకొచ్చి నేల చూస్తూ చెప్పాడు. “ఆయన రికార్డు ఇక లేదండీ. చనిపోయినవాళ్ళవి తీసెయ్యాలని చట్టం. తిరిగి తేలేను. క్షమించండి.”

“ఆ గడి పెట్టింది నువ్వేనా?”

“నేనే.”

నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. అతని జేబులో ఉన్న చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

“ఇన్నాళ్ళూ ఆయన పేరు కింద నేనున్నాను కదా. ఇప్పుడు నా పేరు కింద ఆయన్ని పెట్టగలవా? మందులూ మంచమూ వద్దు. పేరు చాలు.”

ఐలిఫ్ తలెత్తాడు. “పెట్టగలను. ఆయన మీవారని మీరు రాసుకుంటున్నారు కాబట్టి, అది మీ రికార్డే అవుతుంది.”

“అయితే పెట్టు.”

అతను కాగితపు రుమాలు ఒకటి తీసుకుని పెన్నుతో రెండు పెట్టెలు గీశాడు. యోరున్. టోర్లైఫ్. మధ్యలో గీత. గీత చివర డైమండు గీసి ఆగిపోయాడు.

“ఇది రెండు రకాలుగా ఉంటుందండీ,” అన్నాడు. “ఖాళీగా వదిలేస్తే, మీ తర్వాత కూడా ఆయన పేరు ఇక్కడే ఉండిపోతుంది. నల్లగా నింపితే, మీరున్నంత కాలం ఉంటుంది. మీతో పాటే పోతుంది.”

యోరున్ ఆలోచించను కూడా లేదు.

“నేను లేకుండా ఒక్కడూ ఇక్కడేం చేస్తాడు? తిండి కూడా తినడు. నల్లదే పెట్టు బాబూ.”

ఐలిఫ్ రుమాలు మీద వంగి, కాగితం చిరగకుండా, అంచు దాటకుండా ఆ డైమండుని నింపడం మొదలుపెట్టాడు. యోరున్ పక్కనే నిలబడి అది పూర్తయ్యేదాకా చూసింది. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని పెనం దగ్గరికి వెళ్ళి, పిండి గరిటెతో ఎత్తి చూసి, “పలచగా కలిపావు,” అంది హల్వర్‌తో.